నగరప్రణాళికను పరీక్షించువా రెవరు?

వ్రాసిన విద్యార్థియే తన సమాధానపత్రమును తాను దిద్దుకొనుటకు ఏ పాఠశాలయు అంగీకరింపదు. ఆ విద్యార్థి అసత్యవాది యని కాదు. ఎంతటి నిజాయితీపరునకైనను తన తప్పు తన కంటికి తోచదు. ఈ సంగతి నెఱిగియే పరీక్షలు నిర్వహించువారు పత్రముపై పేరునకు బదులు సంఖ్య నుంచి, దానిని దిద్దుటకు వేరొక ఊరి ఉపాధ్యాయునకు పంపుదురు. పది పుటల పత్రము విషయమున లోకము పాటించు ఈ జాగ్రత్త, లక్షలకొలది జనుల ఇండ్లను, వీధులను, చెఱువులను, జీవనోపాధులను ఇరువది ముప్పది యేండ్లపాటు శాసించు నగరప్రణాళిక విషయమున పాటింపబడుచున్నదా?

ఇది నేడు హైదరాబాదు పౌరులందఱును ఆలోచింపదగిన ప్రశ్న. 2050వ సంవత్సరమును దృష్టియందుంచుకొని మహానగరమునకు నూతన ప్రణాళికను రూపొందించు ప్రయత్నము సాగుచున్నది. మహానగరాభివృద్ధి సంస్థ పరిధి 2025వ సంవత్సరమున పదివేల చదరపు కిలోమీటర్లను మించునట్లు విస్తరింపబడినది. ఇంత భూమిపై గీయబడు గీతలను, గీసినవారు తప్ప అన్యులు ఎవరైనను శ్రద్ధగా పరీక్షింతురా, పరీక్షించి తమ తీర్పును ప్రజలముందుంచుదురా అనునదే ఇచట విచారింపవలసిన అంశము.

కిషన్‌బాగ్ నుండి చూచినచో

ఈ ప్రశ్నను సచివాలయము నుండి గాక కిషన్‌బాగ్ నుండి చూచినచో దాని బరువు తెలియును. కిషన్‌బాగ్ పాతబస్తీయందు మూసీనదికి దక్షిణపు దెసనున్న పేట. పేరులో తోట ఉన్నను నేడది ఇరుకు సందులతో, ఒకదాని నొకటి ఆనుకొని యున్న ఇండ్లతో నిండినది. మురళీమనోహరస్వామి ఆలయము, మసీదులు, చిన్న చిన్న దుకాణములు, చేతిపనివారి కార్ఖానాలు కలిసియున్న చోటిది. ఒకవైపు నది, మరియొకవైపు 1963లో తెరువబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాల, దానిని ఆనుకొని మీరాలం చెఱువు. 2025 జనవరిలో జూపార్కు నుండి ఆరాంఘర్ వరకు సుమారు 4 కిలోమీటర్ల పొడవున ఫ్లైఓవరు తెరువబడినది. నది గట్టు, చెఱువు కట్ట, జూపార్కు ప్రహరీ, ఫ్లైఓవరు స్తంభము: ఈ నాలుగును ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు కాగితముపై గీసిన గీతలే. ఆ గీతల నడుమనే ఈ పేట వారి బ్రదుకు సాగుచున్నది.

ఈ నగరమునకు ప్రణాళికలు క్రొత్తవి కావు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. మరుసటి యేట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించినది. ఆయన సూచనల ఫలితముగా మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడి వీధులను వెడల్పు చేయుటకు, నూతన కట్టడములను నిర్మించుటకు పూనుకొన్నది. అవి గొప్ప పనులు. కాని నిపుణుడు గీయుట, ప్రభువు ఒప్పుకొనుట అనునదే నాటి పద్ధతి. పౌరుని అభిప్రాయము నడుగు ఆచారము రాచరికమున లేదు. ఉండునని ఎవరును ఆశింపలేదు.

ప్రజాస్వామ్యమున నైనను ఆ ఆచారము నెమ్మదిగానే నెలకొన్నది. 1970 నుండి 1986 వరకు హైదరాబాదు నగరపాలక సంస్థకు ఎన్నికైన పాలకమండలి లేదు. నగరమునకు బృహత్ప్రణాళిక ఆమోదింపబడినది 1975 సెప్టెంబరులో. అనగా పురపాలక సభలో దానిని ప్రశ్నింపగల ప్రతినిధి యొక్కడును లేని కాలమున ఆ ప్రణాళిక అమలులోనికి వచ్చినది. కిషన్‌బాగ్‌తో కూడిన పాత నగరపాలక ప్రాంతము, అనగా సుమారు 172 చదరపు కిలోమీటర్ల భూభాగము, తిరిగి సవరించిన ప్రణాళికను చూచినది 2010 ఆగస్టులో. నడుమ ముప్పదియైదేండ్లు గడచినవి. 1975లో పుట్టిన శిశువు పెరిగి, చదివి, సంసారి యగునంతటి కాలము పాత పటమే నగరమును పాలించినది. నగరము వెలుపలి విశాల ప్రాంతమునకు 2031ని లక్ష్యముగా నుంచుకొనిన ప్రణాళిక 2013 జనవరిలో వెలువడినది.

పటము మీది రంగు

ప్రణాళిక యనగా పలువురు గొప్ప కట్టడముల చిత్రములను ఊహించుకొందురు. నిజమునకు అది రంగులు పూసిన పటము, దానితో కూడిన నిబంధనల గ్రంథము. సాధారణముగా పసుపు రంగు నివాసములకు, ఊదా రంగు పరిశ్రమలకు, ఆకుపచ్చ ఉద్యానములకు, పొలములకు, నీలము జలాశయములకు గుర్తు. వానిపై రాబోవు రహదారులు గీతలుగా నుండును. చూచుటకు ఇది పిల్లల భూగోళపుస్తకములోని పటమువలె అమాయకముగా కనబడును.

కాని ఆ రంగునకు చట్టబలము కలదు. పసుపు రంగు పడిన స్థలమున ఇల్లు కట్టుటకు అనుమతి వచ్చును. ఆకుపచ్చ పడినచో రాదు. అనుమతి లేనిచో బ్యాంకు అప్పు ఈయదు, కొనువాడు వెనుకాడును. రహదారి గీత ఇంటి గుండా పోయినచో ఆ యింటివారు పై అంతస్తు వేసికొనజాలరు. ఆ రహదారి పదేండ్లకు వచ్చినను, ఇరువదేండ్లకును రాకపోయినను, గీత యున్నంతవఱకు ఇంటి విలువ పెరుగదు. పటము గీయువాని కలము అరవంగుళము ప్రక్కకు జరిగినచో, నేలపై కొన్ని కుటుంబముల భవితవ్యమే ప్రక్కకు జరుగును.

నదీతీరమున ఈ సంగతి మఱింత తీవ్రముగా అనుభవమునకు వచ్చినది. 2024 సెప్టెంబరు మాసాంతమున మూసీగర్భమునందలి ఇండ్లను గుర్తించుటకై అధికారులు గోడలపై ఎఱ్ఱరంగుతో గుర్తులు వేసిరి. నదీతీరాభివృద్ధికి సంబంధించిన సవివర నివేదిక అప్పటికి సిద్ధము కాలేదు. చదువుటకు ప్రణాళిక చేతికి రాకమునుపే గోడమీదికి గుర్తు వచ్చినది. నది నిర్మలము కావలెననుటలో ఎవరికిని భేదాభిప్రాయము లేదు. వరద భయమును కల్పితము కాదు. 2025 సెప్టెంబరు చివర ఎగువ జలాశయముల గేట్లెత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికే మూసీనీరు ప్రవేశించినది. ఐనను వైద్యము అవసరమైనంత మాత్రమున, రోగికి చీటీ చూపకుండ మందు పోయవచ్చునని కాదు గదా!

ఒక అర్జీ ప్రయాణము

చట్టమున ప్రజలకు చోటే లేదనుట న్యాయము కాదు. 1975 నాటి పట్టణప్రాంతాభివృద్ధి చట్టము ఒక క్రమమును విధించినది. అభివృద్ధి సంస్థ మొదట ముసాయిదాను తయారుచేయవలెను. దాని ప్రతిని ప్రజలు చూచుటకై తెఱచి యుంచవలెను. ప్రకటన వెలువరించి, నిర్ణీతమైన గడువులోగా ఎవరైనను తమ అభ్యంతరములను, సూచనలను పంపవచ్చునని తెలుపవలెను. స్థానిక సంస్థలకును చెప్పుకొనుటకు అవకాశ మీయవలెను. ఆ అభ్యంతరములను ఆలోచించిన పిమ్మట తుది ప్రణాళికను ప్రభుత్వమునకు సమర్పింపవలెను. ప్రభుత్వము దానిని ఉన్నదున్నట్లుగానో, మార్పులతోనో ఆమోదింపవచ్చును. త్రోసిపుచ్చి మరల తయారుచేయుమనవచ్చును. 2008లో మహానగరాభివృద్ధి సంస్థ కొఱకు చేసిన చట్టమును ఇంచుమించుగా ఈ బాటనే నడచినది.

కాగితముమీద ఈ క్రమమున లోటు కనబడదు. లోటెక్కడ నున్నదో తెలియవలెనన్నచో ఒక్క అర్జీ వెంట నడచి చూడవలెను. కిషన్‌బాగ్‌లో అరువది గజముల స్థలమున ఇల్లు కట్టుకొని, క్రింది గదిలో కుట్టుమిషను పెట్టుకొన్న దర్జీ యొకడున్నాడనుకొనుడు. ముసాయిదాపటమున అతని యింటి గుండా ఒక రహదారి గీత పోయినది. ఆ సంగతి అతనికి ఎట్లు తెలియును? పటములు, వాని వివరణలు, ప్రభుత్వపుటుత్తరువులు ప్రధానముగా ఆంగ్లమున వెలువడును. దర్జీకి వచ్చినది ఉర్దూ, కొంత తెలుగు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికిని రెండవ అధికారభాషగా గుర్తించిరి గాని, అధికారభాష యనునది పటము అడుగున నున్న చిన్న అక్షరముల వఱకు దిగివచ్చినప్పుడే పౌరునకు ఉపయోగపడును.

ఎవరో చదువుకొన్నవారు చెప్పగా అతడు అర్జీ వ్రాయించి గడువులోపల ఇచ్చెననుకొనుడు. దానిని చదువువా రెవరు? ఆ గీతను గీసిన సంస్థవారే. ఆలోచించువా రెవరు? వారే. ఆ ఆలోచన సరిగా జరిగినదని ప్రభుత్వమునకు విన్నవించువారును వారే. ప్రభుత్వమున దానిని పరిశీలించునది ఆ సంస్థపై అధికారము గల శాఖయే. అర్జీ ఏ కారణమున అంగీకరింపబడినదో, ఏ కారణమున త్రోసివేయబడినదో తెలుపు సమాధానమును దర్జీకి పంపవలెనను పట్టుదల ఈ క్రమమున లేదు. అధికారులు దుష్టులు కానక్కఱలేదు. వేలకొలది అర్జీలు, కొలది మాసముల గడువు, తాము శ్రమించి గీసిన పటముపై సహజమైన మమకారము: ఈ మూడును చేరినప్పుడు అర్జీ కాగితముగనే మిగిలిపోవును. వాది, ప్రతివాది, న్యాయమూర్తి అను ముగ్గురి స్థానమున ఒక్కరే కూర్చున్నచో తీర్పు నిజముగా న్యాయమైనను, న్యాయమని నమ్మువా రుండరు.

ఇంగ్లండునందలి పద్ధతి

ఇదే అర్జీ ఇంగ్లండులో ఏమగునో చూతము. ఆ దేశమున 2004 నాటి ప్రణాళికా చట్టము ప్రకారము, స్థానిక సంస్థ తాను తయారుచేసిన అభివృద్ధి ప్రణాళికను స్వతంత్రపరీక్షకై మంత్రికి విధిగా సమర్పింపవలెను. తన పని పూర్తియైనదని, పత్రము పరీక్షకు సిద్ధముగా నున్నదని నమ్మిననేగాని సమర్పింపరాదని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. సమర్పించుటకు ముందు ప్రణాళికను ప్రకటించి, కనీసము ఆరు వారముల పాటు ప్రజాభిప్రాయములను స్వీకరింపవలెను.

సమర్పణ యనగా పటమొక్కటి పంపుట కాదు. దానితోపాటు పరిసరములపైని, సమాజముపైని కలుగు ప్రభావమును గూర్చిన నివేదిక, ఎవరెవరిని సంప్రదించిరి, వారేమి చెప్పిరి, ఆ మాటలను ఎట్లు లెక్కలోనికి తీసికొనిరి అను వివరపత్రము, వచ్చిన అభ్యంతరముల ప్రతులు, ప్రణాళికకు ఆధారమైన లెక్కలు అన్నియు జతపరుపవలెను. ఇవి యన్నియు ప్రజలు చూచుటకు అందుబాటున నుండవలెను. ఉపాధ్యాయుల భాషలో చెప్పవలెనన్న, లెక్క యొక్క సమాధానము మాత్రమే కాదు, చేసిన విధానమంతయు చూపవలెను.

అపుడు ఆ స్థానిక సంస్థతో సంబంధము లేని ఇన్‌స్పెక్టరు నియమింపబడును. ఆ పరీక్షాధికారి నాలుగు ప్రశ్నలు వేయును. ఈ ప్రణాళిక ప్రాంతపు అవసరములను తీర్చుటకు ఉద్దేశింపబడినదా? ఇతర మార్గములను ఆలోచించి, సాక్ష్యాధారములతో దీనిని ఎన్నుకొనిరా? ఇది అమలు కాగలదా? దేశముయొక్క సాధారణ విధానములతో పొసగుచున్నదా? ప్రణాళికలో మార్పు కోరి అభిప్రాయము నిచ్చినవారు తాము స్వయముగా వచ్చి చెప్పుకొందుమన్నచో, పరీక్షాధికారి యెదుట వినిపించుకొను హక్కు వారికి కలదు. విచారణ బహిరంగముగా జరుగును. తుదకు ఆ అధికారి కారణములతో కూడిన నివేదికను ఇచ్చును. స్థానిక సంస్థ దానిని ప్రకటింపవలెను. పత్రము నిలువదగినది కాదని తేలినచో సంస్థ దానిని ఉన్నదున్నట్లుగా ఆమోదించుకొనజాలదు. సూచించిన ముఖ్యమైన మార్పులను చేసికొనవలెను, లేదా ఉపసంహరించుకొనవలెను. పరీక్షకగు ఖర్చును ఆ సంస్థయే భరించును.

దర్జీ అచటను ఓడిపోవచ్చును. రహదారి నిజముగా అవసరమని తేలవచ్చును. కాని అతడు ఒకరి యెదుట నిలిచి మాటాడియుండును. ఆ మాట విన్నవాడు గీత గీసినవాడు కాడు. ఎందుకు ఓడితినో కాగితముమీద చదువుకొనగలుగును. ఓడినవానికి సైతము గౌరవము మిగులునట్టి పద్ధతియే నాగరిక మైనది.

కామారెడ్డి చెప్పిన పాఠము

ముందు జరుగవలసిన పరీక్ష జరుగనిచో ఏమగును? పరీక్ష మానదు, అది ఆలస్యముగా, కఠోరముగా, వీధిలో జరుగును. ఇందుకు తెలంగాణమందే ఉదాహరణము కలదు. 2022 నవంబరులో కామారెడ్డి పురపాలక సంఘముయొక్క నూతన బృహత్ప్రణాళిక ముసాయిదా వెలువడినది. అభ్యంతరములకు 2023 జనవరి 11వ తేదీ వఱకు గడువు. చుట్టుపట్ల గ్రామముల రైతుల పంటపొలములు అందులో పరిశ్రమల మండలముగా చూపబడినవి. ఊదా రంగు పడిన పొలమునకు విలువ పడిపోవునని, కొనువాడుండడని, తుదకు పొలమే చేజారునని రైతులు భయపడిరి. జనవరి మొదటివారమున ఒక రైతు ప్రాణములు తీసికొనెను. వేలకొలది రైతులు కలెక్టరు కార్యాలయమును ముట్టడించిరి, బందు జరిగినది, వ్యాజ్యము హైకోర్టునకు పోయినది. జనవరి 20వ తేదీన పురపాలక సంఘము ముసాయిదాను రద్దుచేయుచు తీర్మానించినది. జగిత్యాలలోను అదే మాసమున అట్టి ముసాయిదా ఉపసంహరింపబడినది.

ఇది కేవలము ముసాయిదాయే, తుది నిర్ణయము కాదని నాడు అధికారులు చెప్పిరి. ఆ మాట చట్టరీత్యా సత్యము. అయినను రైతులేల నమ్మలేదు? ముసాయిదాకును తుది ప్రణాళికకును నడుమ తమ మొఱ వినువాడు ఒకడున్నాడను విశ్వాసము వారికి లేకపోయినది. స్వతంత్రమైన పరీక్షాధికారి ఒకరు ఆ గ్రామములకు వచ్చి, పొలము గట్టున నిలిచి, పరిశ్రమలకు ఈ భూమియే ఏల యని పురపాలక సంఘమును బహిరంగముగా అడిగియున్నచో, ఆ భయము అంత దూరము పోవునా? ప్రణాళిక మంచిదే యైనచో అది నిలిచియుండును. చెడ్డదైనచో ప్రాణనష్టము లేకుండ తొలగియుండును. రద్దగుటవలన చెడ్డ గీతలతోపాటు, ఉన్నచో మంచి గీతలును పోయినవి. పరీక్ష లేని ప్రణాళికకు గట్టెక్కుటయో మునుగుటయో తప్ప నడిమి దారి లేదు.

వీధి తరువాతి తావు న్యాయస్థానము. హైదరాబాదునందలి ఎర్రమంజిల్ భవనమును పడగొట్టి ఆ స్థలమున శాసనసభకు నూతన భవనమును కట్టవలెనని 2019 జూన్‌లో మంత్రివర్గము నిశ్చయించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. పాత కట్టడముల రక్షణకై నగరప్రణాళికా నియమములలో చేరియున్న నిబంధనను ప్రభుత్వము 2015లోనే తొలగించియుండెను. ముందుగా ఆలోచన చెప్పవలసిన ఏర్పాటును తీసివేసినచో, ఆ బరువు చివరకు న్యాయమూర్తులపై పడుట సహజము. కాని న్యాయస్థానము ప్రణాళికను సమగ్రముగా పరీక్షింపదు. తన యెదుటికి వచ్చిన ఒక్క వివాదమును చట్టపు కొలతతో మాత్రమే చూచును. అచటికి పోగలవారును కొందఱే. కిషన్‌బాగ్ దర్జీ అర్జీ వ్రాయగలడు గాని వకీలు ఫీజు ఎక్కడినుండి తెచ్చును?

స్వదేశమునందలి ఆధారములు

స్వతంత్రపరీక్ష విదేశీయుల సొమ్మని, ఈ నేలకు సరిపడదని కొందఱందురు. ఈ మాట సరికాదు. దాని అంకురములు భారతదేశపు చట్టములలోనే ఉన్నవి. మహారాష్ట్రమున 1966 నాటి చట్టము అభ్యంతరములను వినుటకు ప్రత్యేక సంఘము నేర్పఱచినది. అందు స్థానిక సంస్థ సభ్యులు ముగ్గురు. వారితోపాటు పట్టణనిర్మాణమున, పరిసరవిషయములలో అనుభవజ్ఞులను నలుగురికి మించకుండ రాష్ట్ర పట్టణప్రణాళికా డైరెక్టరు నియమించును. గీసినవారితోపాటు గీయనివారును కూర్చుందురన్నమాట. ఢిల్లీలో 1959 నాటి నియమముల క్రింద అభ్యంతరముల విచారణకు ఒక మండలి కలదు. 2021 జూన్‌లో వెలువడిన ఢిల్లీ ముసాయిదాపై వచ్చిన సుమారు 33 వేల అభ్యంతరములను, సూచనలను ఆ మండలియే విచారించినది. ఆ మండలి అభివృద్ధి సంస్థ సభ్యులతోనే ఏర్పడుట దాని లోపము. కాని ముఖాముఖి వినవలెనను ధర్మమును అది అంగీకరించినది.

ఇంతకన్న ముందడుగు వేసినది 2013 నాటి భూసేకరణ చట్టము. భూమి తీసికొనుటకు ముందు సామాజిక ప్రభావమును అంచనా కట్టవలెనని, ఆ అంచనాను స్వతంత్రమైన నిపుణుల బృందము పరీక్షింపవలెనని అది విధించినది. ఆ బృందమున ప్రభుత్వోద్యోగులు కాని సామాజికశాస్త్రవేత్తలు ఇద్దఱు, స్థానిక సంస్థల ప్రతినిధులు ఇద్దఱు, పునరావాస నిపుణులు ఇద్దఱు, ఆ పనికి సంబంధించిన సాంకేతిక నిపుణు డొకడు ఉండవలెను. తరువాత కొన్ని రాష్ట్రములు చేసికొనిన సవరణలు కొన్ని రకముల పనులను దీనినుండి తప్పించినవి. అయినను సూత్రము శాసనగ్రంథమున నిలిచియే యున్నది. ఒక ఎకరము తీసికొనుటకు ముందు స్వతంత్రులు చూడవలెనన్నచో, వేలాది ఎకరముల గతిని నిర్ణయించు పటమును స్వతంత్రులు చూడనక్కఱలేదా?

రాజ్యాంగమును ఈ విషయమున మౌనము వహింపలేదు. 1993 జూన్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన 74వ సవరణ, పట్టణప్రణాళికను పురపాలక సంస్థలకు అప్పగింపదగిన 18 అంశములలో మొదటిదిగా చేర్చినది. పది లక్షలు, అంతకు మించిన జనాభా గల మహానగర ప్రాంతములకు ప్రణాళికాసంఘము నేర్పఱుపవలెనని, అందు మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండ సభ్యులను పురపాలక సభ్యులును, గ్రామపంచాయతీల అధ్యక్షులును తమలోనుండి ఎన్నుకొనవలెనని ఆదేశించినది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పురములలో వార్డు సంఘములు ఉండవలెనన్నది. దేశమున పెక్కు మహానగరములలో ఈ ఏర్పాట్లు రాజ్యాంగమున ఉన్నంత బలముగా ఆచరణమున లేవు. ఎన్నికైనవారు గీయుట, స్వతంత్రులు పరీక్షించుట అను రెండు అంగములును లేనిచో ప్రణాళిక కార్యాలయపు గోడల నడుమనే పుట్టి పెరుగును.

ఆక్షేపణలు

స్వతంత్రపరీక్షను కాదనువారి వాదములను తేలికగా త్రోసివేయరాదు. మొదటిది ఆలస్యము. ఇంగ్లండులో యార్క్ నగరము 2018 మేలో సమర్పించిన ప్రణాళిక 2025 ఫిబ్రవరికిగాని ఆమోదము పొందలేదు. ఏడేండ్లలో హైదరాబాదు వంటి నగరము గుర్తింపరానంతగా మారిపోవును. ఈ భయము న్యాయమైనది. కావున పరీక్షకు గడువు విధింపవలసినదే. కాని పరీక్ష లేకుండుటయు వేగమును తెచ్చిపెట్టలేదని గుర్తింపవలెను. పాత నగరపు పటము మారుటకు ముప్పదియైదేండ్లు పట్టినది. ముంబయి ముసాయిదాలో తప్పులు బయటపడగా 2015 ఏప్రిలులో దానిని వెనుకకు తీసికొనవలసి వచ్చెను. సరిదిద్దినది 2018లోగాని ఆమోదము పొందలేదు.

రెండవది నైపుణ్యము. నీటి ప్రవాహము, రవాణా, జనాభా లెక్కలు సామాన్యునకు తెలియవని, అతని మాటకు విలువ లేదని కొందఱి తలంపు. దర్జీకి జలశాస్త్రము తెలియదు, నిజమే. కాని వాన కురిసినప్పుడు నీరు ఏ సందునుండి వచ్చి ఏ గడప వద్ద నిలుచునో అతనికి తెలిసినంతగా ఏ ఇంజనీరునకును తెలియదు. పరీక్షాధికారి పని ఈ రెండు జ్ఞానములను ఎదురెదురుగా కూర్చుండబెట్టుటయే. నిపుణుని మాట సత్యమైనచో ప్రశ్నకు చెదరదు.

మూడవది, పరీక్షాధికారియు ప్రభుత్వము నియమించిన వాడే గదా, అతడు స్వతంత్రుడెట్లగును అను సందేహము. ఇంగ్లండునందును ఈ సందేహము కలదు. సంపూర్ణ స్వాతంత్ర్యము ఏ మానవ వ్యవస్థయందును దొరకదు. అయినను బహిరంగముగా విని, కారణములు వ్రాసి, తన పేరుతో ప్రకటింపవలసిన వానికి ఒక నియంత్రణ యుండును. ఎవరో తెలియని వారు మూసిన గదిలో వ్రాసిన ‘పరిశీలించితిమి’ అను ఒక్క మాటకును, కారణములతో కూడిన నివేదికకును చాల అంతరమున్నది.

చేయదగిన పనులు

నూతన ప్రణాళిక తుది రూపము దాల్చక మునుపే చేయదగినవి కొన్ని కలవు. ముసాయిదాను, పటమును తెలుగుననూ ఉర్దూలోనూ ప్రతి వార్డు కార్యాలయమున, గ్రంథాలయమున ఉంచవలెను. తన వీధిని పౌరుడు గుర్తుపట్టగలంతటి పెద్ద పటముండవలెను. వచ్చిన ప్రతి అభ్యంతరమునకును సంఖ్య వేసి, ఒప్పుకొన్నదియు కానిదియు కారణముతో సహా ప్రకటింపవలెను. ప్రణాళికను గీసిన సంస్థతోను, దానిని ఆమోదించు శాఖతోను సంబంధము లేని పరీక్షాధికారిని చట్టము ద్వారా నియమించి, ఆయా ప్రాంతములలోనే బహిరంగ విచారణ జరిపింపవలెను. ఆ నివేదిక ప్రభుత్వపు ఆమోదమునకు ముందే ప్రజల చేతికి రావలెను. ప్రభుత్వము దానితో ఏకీభవింపనిచో ఏల ఏకీభవింపదో చెప్పవలెను. ఆమోదము పొందిన పిదప ఒక్కొక్క స్థలమునకు రంగు మార్చు ఉత్తరువులకును ఈ నియమమే వర్తింపవలెను. లేనిచో ముందు తలుపు మూసి వెనుక తలుపు తెఱచినట్లగును.

వీనిలో చట్టము మార్చనిదే జరుగనివి కొన్ని. ఒక్క ఉత్తరువుతో రేపే జరుగగలవి కొన్ని. భాష, పటము, కారణములతో కూడిన సమాధానము అను మూడింటికి శాసనసభ కూడనక్కఱలేదు.

పాఠశాలలకును ఇందు పాత్ర కలదు. భూగోళము, పౌరశాస్త్రము వేర్వేఱు పుస్తకములలో నుండును గాని, నగరప్రణాళికలో అవి రెండును ఒక్కటే. కిషన్‌బాగ్ పాఠశాలలోని విద్యార్థి పటము విప్పి తన బడి ఏ రంగులో నున్నది, మీరాలం చెఱువు హద్దు ఎచట గీయబడినది, తన ఇంటి ముందటి వీధి వెడల్పు ఎంతని వ్రాయబడినది అని వెదకి, ఇంటికి పోయి కొలిచి చూచినచో, అతడు నేర్చుకొనునది ఏ పరీక్షకును తక్కువ పాఠము కాదు. పటమునకును నేలకును తేడా కనబడినచో ఆ తేడాను వ్రాసి పంపుట పౌరుని మొదటి పని. తండ్రికి ఆంగ్లము రాని యింట కుమార్తె చదివి చెప్పగలదు. తల్లి చెప్పిన వరద కథను అర్జీగా వ్రాయగలదు.

ప్రణాళిక మంచిదా చెడ్డదా యని వాదించుటకు ముందు అడుగవలసిన చిన్న ప్రశ్న యొకటున్నది: దీనిని గీయనివారు ఎవరైనను చదివి, దీనివలన నష్టపడువారి మాట విని, తాము కనుగొన్నదానిని వ్రాసి సంతకము చేసిరా? చేసిరనుటకు నివేదిక చేతికి వచ్చునంతవఱకు, ఎంత అందమైన పటమైనను అది దిద్దని పత్రమే. దిద్దని పత్రమునకు మార్కులు వేయుట ఉపాధ్యాయులకే కాదు, ప్రభుత్వమునకును తగదు.